మెడికల్ బుక్కులో ముఖం

“తలుపు తియ్యకు. ఎవలొచ్చినా నువ్వు నోరు మెదపకు. నేను మాట్లాడుత.”

పొద్దుటి నుంచి అనసూర్య ఆ మాట అనడం ఇది నాలుగోసారి.

వెనక గదిలో మంచం మీద కోడలు జమున గోడవైపు తిరిగి పడుకుంది. ముఖం మీద తడిగుడ్డ. దాని కింద ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నిన్న ఎర్రబడిన చెంపలు పొక్కులు లేచి, తెల్లారేసరికి పగిలి రసి కారుతున్నాయి.

“ఇనవడ్డదా?”

“ఇనవడ్డది అత్తమ్మా.”

“మీ బాపు అడిగితే ఏం చెప్తవు?”

“పసుపు పడలేదని చెప్త.”

“ఏ పసుపు?”

“బతుకమ్మకు పెట్టిన పసుపు.”

వసారాలో బీడీ కాలుస్తున్న రాయమల్లు అక్కడి నుంచే అందుకున్నాడు. “ఏందే, ఆఖరికి గౌరమ్మ మీద పెడ్తున్నవా తప్పు?”

“నువ్వు ఊకో. ఇరవై దినాల సంది డ్యూటీ లేక ఇంట్ల కూసున్నవు. గీ ముచ్చట్లల్ల తలకాయ పెట్టకు.”

రాయమల్లు ఊరుకున్నాడు. అతనికి ఊరుకోవడం కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా గనిలోకి దిగి, పైకి వచ్చి, తిని పడుకున్న మనిషి. తెలంగాణ సమ్మెతో గనులన్నీ ఆగిపోయాక, పగటిపూట ఇంట్లో ఏమేం జరుగుతుందో ఇప్పుడిప్పుడే చూస్తున్నాడు.

అనసూర్య నడుముకు దోపుకున్న సంచిని మరోసారి తడుముకుంది. ఆకులు, వక్కలు, సున్నపు డబ్బీ. అన్నింటి అడుగున సగం ఖాళీ అయిన ట్యూబు.

నిన్న మధ్యాహ్నం ఆ ట్యూబు కోడలి చేతిలో కనిపించినప్పుడు అనసూర్య గుండె ఆగినంత పనైంది. ఆ పిల్ల ముఖం చూసి కాదు. తన పెట్టె అడుగున, పట్టుచీర మడతల్లో దాచుకున్న వస్తువు పగటి వెలుతురులోకి వచ్చినందుకు. “నా పెట్టె ముడుతవా, దొంగముండా!” అని చెంప మీద కొట్టింది. కొట్టిన చోటే మొదటి పొక్కు లేచింది.

“నీ లెక్క ఎర్రగయితనేమోనని రాసుకున్న అత్తమ్మా,” అన్నది జమున అప్పుడు. మూడు రోజులుగా పొద్దున, సాయంత్రం, కళ్ళ మీద కూడా మందంగా పూసుకున్నదట. పూసుకొని ఎండలో కూర్చొని బతుకమ్మకు పూలు తుంచిందట.

“నీ లెక్క” అన్న ఆ మాట దగ్గరే అనసూర్యకు నిద్ర పట్టలేదు. అంటే దీనికి తెలుసు. తలుపు గడియ పెట్టుకొని తను అద్దం ముందు ఏం చేస్తుందో ఇది చూసింది.

అసలు ఇంత జరగడానికి కారణం మొన్న పండుగ మొదటి రోజు ఆడిన ఎంగిలిపూల బతుకమ్మ. కాలనీ గ్రౌండులో ఆడవాళ్ళంతా చేరాక పక్క క్వార్టరు కనకవ్వ, తెలిసి తెలిసి, “ఎవలే అనసూర్యా గీ పిల్ల?” అని అడిగింది.

అనసూర్య చేతులు తిప్పింది. “గీ నల్లామె ఎవలో నాకేం ఎరుక! మా ఇంటి పేరు చెప్పుకొని నా ఎంబడి తిరుగుతాంది.”

అందరూ పడి పడి నవ్వారు. జమున కూడా నవ్వింది. నవ్వుతూనే బతుకమ్మ చుట్టూ తిరిగింది. ఇంటికొచ్చి భర్తకు చెప్పుకుంటే భూపాల్, “అమ్మ పరాష్కానికన్నది. అయినా ఉన్నమాటేనాయె,” అని అటు తిరిగి పడుకున్నాడు. అతనూ గని కార్మికుడే; పొద్దున లేచి సమ్మె శిబిరానికి పోయినవాడు ఇంటికి తిండికి తప్ప రావడం లేదు.

బయట మోటారు సైకిల్ ఆగింది.

“వచ్చిండు,” అన్నాడు రాయమల్లు.

*

సమ్మెతో బస్సులు లేవు. అందుకని జమున తండ్రి ఆగయ్య రాడేమోనని అనసూర్య ఆశపడింది. కానీ పెళ్ళయ్యాక వచ్చిన మొదటి బతుకమ్మ. చివరి రోజు సద్దుల నాటికి బిడ్డను పుట్టింటికి తోలుకపోకుంటే ఊళ్ళో మాట వస్తుంది. ఆయన ఎవరినో బతిమాలుకొని, బండి వెనక కూర్చొని సుల్తానాబాద్ అవతలి నుంచి వచ్చాడు. ఒక చేతిలో కొత్త చీర సంచి, ఇంకో చేతిలో తడిబట్టలో చుట్టిన తంగేడు పూల కట్ట.

“ఈడ దొరకయని తెచ్చిన చెల్లే. మీ బతుకమ్మకు పెట్టుకో.”

“కూసో అన్నా.” అనసూర్య నీళ్ళిచ్చింది. పూలను గూట్లో పడేసింది.

“జమునేది?”

“తలకు పోసుకుంటాంది.”

ఆగయ్య తాగాడు. చెంబు కింద పెట్టాడు. పంట సంగతి రాయమల్లు అడిగాడు, ఆగయ్య చెప్పాడు. సమ్మె సంగతి ఆగయ్య అడిగాడు, రాయమల్లు చెప్పాడు. మాటలు అయిపోయాయి.

ఇంట్లో ఎక్కడా నీళ్ళ చప్పుడు లేదు.

“శానాసేపాయె,” అన్నాడు ఆగయ్య.

“జుట్టు బారు గదా అన్నా. ఎండాలె.”

గడియ తీసిన చప్పుడైంది. అనసూర్య లేచి అడ్డం పోయేలోపే జమున గడప దాటి వచ్చి నిలబడింది. ముఖం మీద గుడ్డ లేదు.

ఆగయ్య అరవలేదు. లేచి దగ్గరికి వెళ్ళి, బిడ్డ గడ్డం కింద వేలు పెట్టి ముఖం వెలుతురుకు తిప్పాడు. చాలాసేపు చూశాడు.

“ఎవలు చేసిన్రు బిడ్డా?”

“పసుపు...” అని మొదలుపెట్టి జమున ఆగిపోయింది.

అనసూర్య ఆ సందు వదల్లేదు. “మమ్ములనడుగుతవేందన్నా? మేమే నిన్ను అడగాలె. మీ పిల్ల మొఖానికి ముందే ఏదో రోగమున్నది. దాచిపెట్టి మా నెత్తిన రుద్దిన్రు. ఆర్నెల్లకు బయటపడ్డది. రంగు లేకపాయె, ఇప్పుడు తోలు గూడ పాయె. రేపు నా కొడుకు గీ మొఖం చూసుకుంట అన్నం ఎట్ల తింటడు?”

“అనసూర్యా!” అన్నాడు రాయమల్లు.

“నేను ఉన్నదే అంటున్న.”

ఆగయ్య బిడ్డ ముఖం వదలకుండానే జవాబిచ్చాడు. “నా బిడ్డ నల్లగుంటది చెల్లే. అది నేను దాచలే. మీరు పగటిపూటనే వచ్చి చూసిన్రు.”

దూరంగా శిబిరం మైకులో ఎవరో పాట మొదలుపెట్టారు.

“తోలుకపోత,” అన్నాడు ఆగయ్య. “బట్టలు సదురుకో బిడ్డా.”

“ముందు దవాఖానకు పోదాం బావా. ఆ కన్ను చూడు, ఎట్లయిందో,” అన్నాడు రాయమల్లు. “భూపాల్ మెడికల్ బుక్కు తేపో అనసూర్యా. కంపెనీ దవాఖానల జల్దిగ చూపిద్దాం.”

ఇంటివాళ్ళ ఫోటోలున్న ఆ బుక్కు చూపిస్తేనే కంపెనీ దవాఖానలో చూస్తారు. అనసూర్య కదల్లేదు.

“అండ్ల నా ఫోటో లేదు మామా,” అన్నది జమున.

“ఎందుకు లేదు? లగ్గమైన నెలకే ఎక్కియ్యమని చెప్తినిగద.”

“కొంచెం రంగు తేలినంక దిగుదామన్నది అత్తమ్మ.”

రాయమల్లు భార్య వైపు చూశాడు. ఆగయ్య కూడా చూశాడు. అనసూర్య కొంగు సర్దుకుంది.

“తప్పేమున్నది? బుక్కుల పడ్డ మొఖం వాడు రిటైరయ్యేదాంక గట్లనే ఉంటది. కౌంటర్ల పదిమంది చేతులు మారుతది. నా కొడుకు పక్కన ఎట్లుండాలె? నాలుగు దినాలు ఆగుమన్న. చచ్చిపొమ్మన్ననా?”

ఆగయ్య నేలమీదికి చూశాడు. ఆయన కాళ్ళకు చెప్పులు లేవు. గడప బయట విడిచినవి.

“నాకు పట్నం డాక్టర్లు ఎరుకలేరు బావా. బజార్ల ఎవలో తోలు డాక్టరున్నడంటరు. ఆడికి తీస్కపోత.”

ఆ మాటతో అనసూర్య ఉలిక్కిపడింది. ఆ డాక్టరు అన్నీ అడుగుతాడు. ఏం రాశావు, ఏ షాపులో కొన్నావు అని. షాపు పక్క సందులోనే. ఈ ఎయిటింక్లైన్ కాలనీకి రామకృష్ణాపూర్ నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిదేళ్ళు. వచ్చిన మొదటి నెలలోనే ఆ షాపామె ట్యూబు చేతిలో పెట్టింది. తర్వాత పరిచయమైన వాళ్ళంతా అనసూర్యది పుట్టు రంగే అనుకున్నారు. అనుకోనిచ్చింది. కంపెనీ దవాఖానలో అయితే సమ్మె రోజులు, ఉన్న ఇద్దరు ముగ్గురు ఏదో మందు రాసి పంపేస్తారు.

లోపలికి వెళ్ళి బీరువా పైన డబ్బాలోంచి ఒక పాత బుక్కు తెచ్చింది. రాయమల్లు బుక్కు. అంచులు నలిగి, అట్ట రంగు వెలిసిపోయి ఉంది.

“దీని మీద చూపిద్దాం. నా పేరు చెప్పుమను. ఫోటోల నేను సన్నగుంటి. మొఖం మీద గుడ్డ ఉన్నంక ఎవలు పోల్చుతరు? నేనూ దీని లెక్కనే...”

అక్కడ ఆగింది. కానీ అప్పటికే మాట సగానికి పైగా బయటికి వచ్చేసింది. రాయమల్లు బీడీ పారేసి ఆమె వైపే చూస్తున్నాడు.

*

ముందు కన్ను చూపించాలని ఆగయ్య కూడా సరేనన్నాడు. దవాఖానలో జనం పలచగా ఉన్నారు. కౌంటరు వెనక గుమస్తా బిక్షం బుక్కు తెరిచి ఫోటో చూశాడు. తర్వాత జమున వైపు చూశాడు.

“గుడ్డ కొంచెం తియ్యక్కా.”

జమున మంచిగా ఉన్న కన్ను, నుదురు కనబడేలా గుడ్డ పక్కకు జరిపింది.

“అనసూర్యవేనా?”

జమున అత్త వైపు చూసింది. అనసూర్య మోచేత్తో పొడిచింది.

“ఆఁ,” అన్నది జమున.

బిక్షం చిట్టీ రాసిచ్చాడు. మంచివాడు, చిట్టీతో పాటు ఒక మంచి మాట కూడా ఇచ్చాడు. “ఎంత పాత ఫోటో అయినా నువ్వు మారనే లేదక్కా. అప్పటి మొఖమే ఉన్నది,” అన్నాడు.

పక్కనే, గొడుగు మడుస్తూ, తెల్లగా పౌడరు పూసుకున్న ముఖంతో నిలబడిన అసలు అనసూర్యను అతను చూడనైనా చూడలేదు.

ఎనిమిదేళ్ళుగా ఆమె ఈ కౌంటరు దగ్గరికి రాలేదు. బీపీ గోళీలు కూడా రాయమల్లుతోనే తెప్పించుకునేది. ఆమె అసలు రంగుకు మిగిలిన సాక్షి ఆ ఫోటో ఒక్కటే. ఆ సాక్షిని తనే చేతిలో పెట్టుకొని తెచ్చింది.

డాక్టరు కృష్ణప్రియ కోస్తా మనిషి. ఎక్కువ మాట్లాడదు. జమునను కుర్చీలో కూర్చోబెట్టి టార్చి వేసి కన్ను తెరిచింది. జమున కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది. ఆగయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు, రాయమల్లు ఆయన వెనక.

“పేరు అనసూర్య. వయసు యాభై ఒకటి,” అని డాక్టరు చిట్టీ చదివింది. కూర్చున్న పిల్ల చేతుల వైపు చూసింది. “ఈ చేతులు యాభై ఏళ్ళవి కావే?”

“రాసుడు తప్పువడ్డదేమో మేడం,” అన్నది అనసూర్య.

డాక్టరు చిట్టీ పక్కన పెట్టింది. “ఏం రాసుకున్నావమ్మా మొహానికి?”

జమున గుడ్డ అంచును వేళ్ళతో నలిపింది.

“భయపడకు. తెల్లబడటానికి ఏదైనా ట్యూబా?”

జమున తల దించుకుంది.

“చూడండి, చర్మం సంగతి తర్వాత. మానుతుంది. మచ్చలు పడితే పడతాయి. నా భయం కన్ను గురించి. మందు లోపలికి పోయింది. ఆ ట్యూబు నాకు కావాలి. దాంట్లో ఏం కలిపారో తెలియకుండా కంట్లో ఏదో ఒకటి వేసి పంపలేను. ఎక్కడుంది?”

జమున మంచిగా ఉన్న కన్ను ఎత్తి అత్త నడుము వైపు చూసింది. ఒక్క క్షణమే. మళ్ళీ దించుకుంది. చెప్పదల్చుకుంటే చెప్పగలదు. చెప్పలేదు. అనసూర్యే చెప్పాలని చూస్తోంది.

సంచి అనసూర్య పొట్టకు ఒత్తుకుంటోంది. తీసి బల్ల మీద పెడితే చాలు. రెండు అడుగుల దూరం. తీస్తే రేపు కనకవ్వకు తెలుస్తుంది. కాలనీకి తెలుస్తుంది. గొడుగు ఎందుకు పడుతుందో, శుక్రవారం శుక్రవారం తలుపెందుకు వేసుకుంటుందో తెలుస్తుంది. ఎవరి రంగునైతే తను గ్రౌండులో నిలబెట్టి నవ్వించిందో ఆ పిల్లే వచ్చి తన మీద నవ్వుతుంది.

“ట్యూబేమీ లేదు మేడం,” అన్నది. “పుట్టింట్లనే ఏదో రాసిన్రు. అప్పటిసంది ఉన్నదే. మాకు చెప్పకుంట చేసిన్రు.”

“నా బిడ్డకు కన్ను పోయినా నువ్వు గట్లనే అంటవా చెల్లే?” అన్నాడు ఆగయ్య. గొంతు పెంచలేదు.

డాక్టరు టార్చి ఆర్పలేదు. లేచి, ఆ వెలుతురును మెల్లగా అనసూర్య ముఖం మీదికి తిప్పింది.

“మీరిలా రండి.”

“నాకేం కాలేదు.”

“రండి.”

అనసూర్య వెళ్ళింది. డాక్టరు దూదితో ఆమె చెంప మీద పౌడరు తుడిచింది. కింద చర్మం ఉల్లిపొర లాగా పలచగా ఉంది. సన్నటి ఎర్ర నరాలు పైకే కనిపిస్తున్నాయి. దవడ వెంట, మందు వల్ల వచ్చి బ్లేడుతో గీసేసిన వెంట్రుకలు గరుకుగా మళ్ళీ మొలుస్తున్నాయి.

“మీరు ఎన్నేళ్ళుగా రాస్తున్నారు?”

“నేనేం రాయలే. నాది పుట్టు రంగు.”

“మరి ఈవిడెవరు?” డాక్టరు బుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది.

రామకృష్ణాపూర్ స్టూడియోలో దిగిన ఫోటో. రాయమల్లు పక్కన కుర్చీలో ఒక పిల్ల. సన్నటి మెడ, ఎత్తు దవడలు, బొగ్గులా నిగనిగలాడే ముఖం. ఒళ్ళో పసివాడు భూపాల్. ఆ రోజు ఫోటో తీసేవాడు ఇంకో లైటు తెప్పిస్తుంటే అత్త సారవ్వ అడ్డుపడింది. “బొగ్గుపెల్లకు లైటెందుకు బిడ్డా? ఎన్ని పెట్టినా గంతే,” అని. స్టూడియోలో అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఫోటో పడింది.

జమున చెయ్యి చాచి బుక్కు తన ముందుకు లాక్కుంది. ఒక్క కన్నుతో దగ్గరగా పెట్టుకొని చూసింది. ఫోటోలో ముఖం మీద వేలితో రాసింది. వాచిన పెదాలు కదిలాయి.

“ఈ నల్లామె ఎవలత్తమ్మా?”

అందులో వెక్కిరింపు లేదు. నిజంగా అడుగుతున్నట్టే అడిగింది. అదే అనసూర్యకు భరించరానిదైంది.

నేనే అనడానికి నోరు తెరిచింది. అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట వెనక ట్యూబు దానంతట అదే బయటికి వచ్చేది.

“నాకేం ఎరుక,” అన్నది.

డాక్టరు తల వంచుకొని చిట్టీ మీద ఏదో రాయడం మొదలుపెట్టింది. కరీంనగర్ పెద్ద దవాఖానకు, ఇవాళే, అని మాత్రం అన్నది. ఆగయ్య ముందుకొచ్చి బిడ్డ భుజం పట్టుకొని లేపాడు.

“నాకెరుకే.”

ఆ మాట తలుపు దగ్గరి నుంచి వచ్చింది. రాయమల్లు లోపలికి వచ్చాడు. బుక్కు వైపు చూడలేదు. చూడనక్కరలేదు.

“నేను చేసుకున్న పిల్ల గది. మా అవ్వ రోజుకు పదిసార్లు ఏడిపించేది. నేను షిఫ్టు దిగి వచ్చి ఇనుకుంట అన్నం తినేటోన్ని. ఒక్కనాడు వద్దనలే.”

అనసూర్య వెనక్కి జరిగింది. గోడ తగిలింది.

“వారం వారం నా బ్లేడు మొద్దుబారేది. ఎందుకని అడగలే. కొత్తవి కొనుక్కొస్తి. పక్కల పండుకున్న మనిషి మొఖం మందు వాసన కొడితే అటు తిరిగి పండుకుంటి. గందుకే గీ పిల్ల కన్ను దాంక వచ్చింది.”

అతను చెయ్యి చాచాడు. అరచేతిలో, ఎప్పుడో గాయంలోకి బొగ్గు దిగి మానిన నీలం గీతలు. ఆ చెయ్యి ఇన్నేళ్ళలో ఆమెను ఏదీ అడగలేదు.

“సంచి ఇప్పు అనసూర్యా.”

“ఏ సంచి? వక్కలున్నయి అండ్ల.”

“ఆగయ్య బావ ఇంటికి పోతాండు. పిల్ల మల్ల మన గడప తొక్కదు, అది నాకు తెలుసు. కన్నన్న దానితోని పోనియ్యి. ఇప్పుతవా? నన్ను ఇప్పమంటవా?”

అనసూర్య రెండు చేతులతో సంచిని పొట్టకు అదుముకుంది. రాయమల్లు ఆ చేతులను తప్పించి సంచి ముడి మీద వేళ్ళు వేశాడు.